ఫిల్‌మోర్ ఈస్ట్‌లో మనోధర్మం

ఈ కథ ఒక జలుబు మందు సీసాతో మొదలవుతుంది. ఒకప్పుడు అమెరికాలో కొరిసిడిన్ అనే మాత్రలను చిన్న గాజు సీసాల్లో అమ్మేవారు. 1968 ప్రాంతంలో, జలుబుతో ఉన్న డువేన్ ఆల్మన్ అనే యువ గిటారు వాద్యకారుడికి తమ్ముడు గ్రెగ్ ఒక కొరిసిడిన్ సీసానూ, తాజ్ మహల్ అనే బ్లూస్ గాయకుడి రికార్డునూ ఇచ్చాడట. డువేన్ మాత్రలు పారబోసి, లేబులు కడిగేసి, ఖాళీ సీసాను ఉంగరపు వేలికి తొడుక్కొని గిటారు తీగల మీద జార్చడం మొదలుపెట్టాడని గ్రెగ్ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. ఇది మన గోటువాద్యం వంటి పద్ధతే. మెట్ల మీద వేలితో తీగను నొక్కకుండా ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారుగా వెళ్ళవచ్చు. ఇన్నేళ్ళుగా మందులు రాస్తున్నాను గాని, ఒక మందు సీసా ఇంత మేలు చేసిన సందర్భం నాకు మరొకటి తెలియదు.

మూడేళ్ళు తిరగకముందే ఆ సాధన ఫలం లోకానికి వినిపించింది. ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్ ‘ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్’ 1971 జులైలో రెండు ఎల్.పి. రికార్డులుగా వెలువడింది. న్యూయార్కులో బిల్ గ్రాహమ్ నడిపిన ఫిల్‌మోర్ ఈస్ట్ హాలులో ఆ ఏడాది మార్చి 12, 13 తేదీలలో ప్రేక్షకుల ఎదుట చేసిన కచేరీల నుంచి ఎంచిన ఏడు అంశాలు ఇందులో ఉన్నాయి. అప్పటికి ఆ బృందం స్టూడియోలో చేసిన రెండు ఆల్బములూ పెద్దగా అమ్ముడుపోలేదు. వారికి దేశవ్యాప్తంగా పేరు తెచ్చినది ఇదే. 2004లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, కలకాలం భద్రపరచవలసిన ధ్వనిముద్రణల జాతీయ పట్టికలో దీనిని చేర్చింది.

పాత రాక్ సంగీతం మీది మక్కువకు గతస్మృతులే కారణమని సాధారణంగా అంటారు. యౌవనంలో విన్న పాట ఎవరికైనా తీపే. కాని ఆ వివరణ నా విషయంలో చెల్లదు. ఈ కచేరీ జరిగేనాటికి నేను ఊయలలో ఉన్నాను. చదివినది తెలుగు మాధ్యమంలో. పెరిగినది రేడియోలోని భక్తిరంజని, సినిమా పాటలు, త్యాగరాజ కృతుల మధ్య. రెసిడెన్సీ రోజుల్లో ఒకసారి రాత్రి డ్యూటీ ముగించుకొని ఇంటికి వెళ్తుండగా తోటి డాక్టరు తన కారులో ఈ ఆల్బమ్ పెట్టాడు. పాటల్లో సగం మాటలు నాకు అర్థం కాలేదు. అయినా, ఇల్లు చేరిన తరువాత కూడా, పదమూడు నిమిషాల ఒక వాద్యరచన పూర్తయ్యేదాకా ఇద్దరమూ కారు దిగలేదు. ఏ స్మృతులూ లేని శ్రోతను అలా కూర్చోబెట్టినది ఏమిటి? ఆరుగురు మనుషులు ఒకరినొకరు శ్రద్ధగా వింటూ ఉండడం ఈ రికార్డులో వినబడుతుంది. దీని ఆకర్షణ అక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

నేను విన్న ఆ రచన ‘ఇన్ మెమొరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్’. దీనిని కూర్చినది బృందంలోని రెండవ గిటారు వాద్యకారుడు డికీ బెట్స్. జార్జియా రాష్ట్రం మేకన్ పట్టణంలోని రోజ్ హిల్ శ్మశానవాటికలో ఒక సమాధిరాయి మీద చూసిన పేరును ఆయన దీనికి పెట్టాడు. ఇందులో వాద్యవిస్తారానికి ఆధారం పాశ్చాత్యులు డోరియన్ అనే స్వరశ్రేణి. ఆ స్వరస్థానాలు మన ఖరహరప్రియవే. గమకాలూ రాగసంచారాలూ వేరు గనుక దీనిని ఖరహరప్రియ రాగమనలేము. పద్ధతిలో మాత్రం గట్టి పోలిక ఉంది. డువేన్ ఎంతో ఇష్టపడి విన్న మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’లో వలెనే, ఇక్కడ కూడా ఒకే స్వరశ్రేణిలో నిలిచి దానిని తరచి చూడడమే పని. రెండు గిటార్లూ కలిసి పల్లవి వంటి ఇతివృత్తాన్ని వినిపిస్తాయి. తరువాత బెట్స్, ఆర్గన్ మీద గ్రెగ్, ఆ వెనుక డువేన్ వంతులవారీగా విస్తరిస్తారు. డ్రమ్ముల తని ముగిశాక అందరూ మళ్ళీ ఇతివృత్తానికి చేరుకుంటారు. కచేరీలు వినే అలవాటున్న తెలుగువారికి ఈ దారి కొత్తదేమీ కాదు.

తాళం సంగతికి వస్తే ‘విపింగ్ పోస్ట్’ చూడాలి. బెరీ ఓక్లీ బేస్ గిటారు మీద వాయించే ఎత్తుగడకు పదకొండు అక్షరాల ఆవర్తం: తకిట తకిట తకిట తక. పాట రాసిన గ్రెగ్‌కు అది పదకొండని తెలియదట. అన్నగారు లెక్కించి చెప్పాడట. స్టూడియోలో సుమారు అయిదు నిమిషాలున్న ఈ పాట ఇక్కడ ఇరవై మూడు నిమిషాలు సాగి, నాలుగవ ముఖాన్ని పూర్తిగా ఆక్రమించింది. మధ్యలో ఒకచోట లయ సడలి, దాదాపు నిశ్శబ్దమవుతుంది. ఎవరు ముందు కదులుతారో తెలియదు. ఒక గిటారు మెల్లగా ఒక పదబంధం అంటుంది. బేస్ దానిని అందుకుంటుంది. డ్రమ్ములు వేచి చూస్తాయి. అప్పటికప్పుడు జరిగిన నిర్ణయాలను ఇన్నేళ్ళ తరువాత కూడా చెవితో గుర్తుపట్టవచ్చు.

డ్రమ్ములు వాయించినవారు ఇద్దరు. బుచ్ ట్రక్స్ శ్వేతజాతీయుడు. జైమోగా ప్రసిద్ధుడైన జై జొహానీ జొహాన్సన్ మిసిసిపీలో పుట్టిన నల్లజాతీయుడు, అంతకుముందు ఓటిస్ రెడ్డింగ్ వెంట వాయించినవాడు. ఒకరు నడకను నిలబెడితే మరొకరు దాని చుట్టూ అల్లుతారు. పౌరహక్కుల చట్టం వచ్చి అయిదేళ్ళు కూడా నిండని 1969లో, అమెరికా దక్షిణాదిన ఇలాంటి మిశ్రమ బృందం ఏర్పడడం చిన్న విషయం కాదు.

ఈ రికార్డు పూర్తిగా మెరుగులు లేనిదని చెప్పడం సరికాదు. నిర్మాత టామ్ డౌడ్ యౌవనంలో మన్‌హాటన్ ప్రాజెక్టులో పనిచేసి సంగీతంలోకి వచ్చినవాడు. ప్రతి రాత్రీ కచేరీ ముగిశాక బృందంతో కలిసి టేపులు విని, మర్నాడు ఏమి వాయించాలో చర్చించేవాడు. ఎల్.పి. నిడివికి సరిపడేలా కొంత కత్తిరించాడు కూడా. మనోధర్మం వెనుక అంత సాధనా, అంత ఆత్మపరీక్షా ఉన్నాయి.

2008లో చార్ల్స్ లిమ్, అలెన్ బ్రౌన్ అనే పరిశోధకులు ఆరుగురు జాజ్ పియానో వాద్యకారుల మెదళ్ళను ఎఫ్.ఎమ్.ఆర్.ఐ. యంత్రంతో పరిశీలించారు. కంఠస్థమైన సంగీతం వాయించినప్పటికంటే, అప్పటికప్పుడు కల్పించి వాయించినప్పుడు మెదడు ముందుభాగంలో స్వీయనియంత్రణకు సంబంధించిన కొన్ని ప్రాంతాల పని తగ్గినట్లు కనుగొన్నారు. ఇది చిన్న అధ్యయనమే. పైగా యంత్రంలో మనిషి ఒంటరి. ఫిల్‌మోర్‌లో జరిగినది ఇంకా జటిలం. తనను తాను మరచిపోవాలి, పక్కవాడిని మాత్రం మరువరాదు.

1971 అక్టోబరు 29న మేకన్‌లో మోటారు సైకిలు ప్రమాదంలో డువేన్ మరణించాడు. ఏడాది తరువాత, అక్కడికి కొద్ది దూరంలోనే, ఓక్లీ మోటారు సైకిలు ఒక బస్సును ఢీకొన్నది. వైద్యసహాయం వద్దని ఆయన ఇంటికి వెళ్ళిపోయాడు. పుర్రె పగిలి మెదడు వాచి, ఆ రోజే కన్నుమూశాడు. తలకు దెబ్బ తగిలినవారు కొంతసేపు బాగానే కనిపించి, ఆ తరువాత కుప్పకూలడం మా వృత్తిలో అందరికీ తెలిసిన ప్రమాదం. ఆ భాగం చదివినప్పుడల్లా, ఎవరైనా ఆయనను వెంటనే ఆసుపత్రికి చేర్చి ఉంటే, అనిపిస్తుంది. ఇద్దరికీ ఇరవై నాలుగేళ్ళే. ఎలిజబెత్ రీడ్ ఉన్న రోజ్ హిల్‌లోనే ఇద్దరి సమాధులూ ఉన్నాయి.

కొత్తగా వినదలచినవారు ‘ఎలిజబెత్ రీడ్’తో మొదలుపెట్టి, చేతితో తాళం వేసుకుంటూ ‘విపింగ్ పోస్ట్’కు రావచ్చు. దాని చివర శబ్దం సన్నగిల్లుతుండగా చెవి రిక్కించి వినండి. బృందం ఆగకుండా ‘మౌంటెన్ జామ్’ అనే మరొక రచనలోకి అడుగుపెడుతూ ఉంటుంది. అరగంటకు పైబడిన ఆ భాగం, డువేన్ పోయిన తరువాత, 1972లో ‘ఈట్ ఎ పీచ్’ ఆల్బములో వచ్చింది. మొదటి రికార్డులో స్థలం అయిపోయింది గాని, ఆ రాత్రి వాళ్ళు వాయిస్తూనే ఉన్నారు.