చుట్టూ ఉన్న సిమెంట్ తేడా కొడితే.. బావి బాంబే! భూమి లోపల కిలోమీటర్ల లోతున గ్రౌట్ ఎలా పనిచేస్తుంది? కొత్త మెటీరియల్స్ ఎందుకు?

ఇల్లు కట్టేటప్పుడు సిమెంట్ సరిగ్గా పడలేదంటే పగలగొట్టి మళ్లీ వేసుకోవచ్చు. పగులు వస్తే కంటికి కనిపిస్తుంది, మేస్త్రీని పిలిచి పూడ్పించుకోవచ్చు. మరి అదే సిమెంట్ భూమికి ఐదు కిలోమీటర్ల లోతున, ఇనుప పైపు వెనకాల, రెండు మూడు అంగుళాల సందులో ఉంటే? అక్కడ పగులు వస్తే చూసేదెవరు? పూడ్చేదెలా?

చమురు బావి, గ్యాస్ బావి, వేడి ఆవిరితో కరెంటు తీసే జియోథర్మల్ బావి.. ఏదైనా సరే, దాని ప్రాణం ఆ సన్నటి సిమెంట్ పొరలోనే ఉంటుంది. ఆ పొర ఫెయిలైతే ఏం జరుగుతుందో 2010లో ప్రపంచం మొత్తం టీవీల్లో చూసింది. అప్పటి నుంచి బావుల సిమెంట్‌పై పరిశోధనలు మరింత జోరందుకున్నాయి. అసలు బావిలో సిమెంట్ ఎందుకు? అది ఎందుకు ఫెయిలవుతుంది? కొత్తగా ఏం తయారు చేస్తున్నారు? మన ఇంటి బోరుకు దీంతో సంబంధం ఏంటి? వివరంగా చూద్దాం.

ఆ రోజు ఏం జరిగిందంటే..

2010 ఏప్రిల్ 20 రాత్రి. అమెరికా తీరంలోని గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ‘డీప్‌వాటర్ హొరైజన్’ అనే రిగ్ మకోండో బావి పనులు ముగించే దశలో ఉంది. అక్కడ సముద్రం లోతే దాదాపు 1,500 మీటర్లు. సముద్ర మట్టం నుంచి లెక్కేస్తే బావి అడుగు 5.5 కిలోమీటర్లకు పైనే. అడుగున సిమెంట్ వేయడం పూర్తయి ఒక రోజు కూడా కాలేదు. ఒక్కసారిగా గ్యాస్ పైకి తన్నుకొచ్చింది. పేలుడు, మంటలు. 11 మంది కార్మికులు చనిపోయారు. రెండు రోజులకు రిగ్ సముద్రంలో మునిగిపోయింది.

ఆ తర్వాత 87 రోజుల పాటు చమురు సముద్రంలోకి పోతూనే ఉంది. అమెరికా ప్రభుత్వ అంచనా ప్రకారం బావి నుంచి బయటకొచ్చింది సుమారు 49 లక్షల బ్యారెళ్లు. చివరికి పక్క నుంచి ఇంకో బావి తవ్వి, అడుగున మళ్లీ సిమెంట్ నింపితేనే సెప్టెంబర్‌లో అది శాశ్వతంగా మూతపడింది. అంటే ప్రమాదం మొదలైంది సిమెంట్ దగ్గరే, ముగిసింది కూడా సిమెంట్‌తోనే.

అధ్యక్షుడు ఒబామా నియమించిన జాతీయ కమిషన్ విచారణలో తేలిన ముఖ్యమైన విషయం.. బావి అడుగున వేసిన సిమెంట్ గ్యాస్‌ను ఆపలేకపోయింది. కారణం ఒక్కటే కాదు, తప్పుల మీద తప్పులు జరిగాయి. వాటిలోకి వెళ్లేముందు బావిలో సిమెంట్ పని ఏంటో తెలుసుకోవాలి.

బావిలో సిమెంట్ ఎందుకు?

బావి తవ్వగానే లోపల స్టీలు పైపు దించుతారు. దాన్నే కేసింగ్ అంటారు. పైపుకీ, చుట్టూ ఉన్న రాతికీ మధ్య గుండ్రటి సందు మిగిలిపోతుంది. ఆ సందును ఖాళీగా వదిలేస్తే లోతున ఉన్న గ్యాస్, చమురు, ఉప్పునీరు పైపుతో పని లేకుండా దాని వెనక నుంచే పైకి పాకేస్తాయి. మధ్యలో ఉన్న మంచినీటి పొరల్లో కలిసిపోతాయి. ఆ సందును సీల్ చేసేదే సిమెంట్ గ్రౌట్. టైల్స్ మధ్య సందుల్లో నింపే గ్రౌట్ తెలుసు కదా.. పని దాదాపు అదే. కాకపోతే ఇక్కడ సందు కిలోమీటర్ల పొడవుంటుంది.

దీన్ని నింపే పద్ధతి కూడా ఆసక్తిగా ఉంటుంది. పలచటి సిమెంట్ జావను పైపు లోపలి నుంచి కిందికి పంపు చేస్తారు. అది అడుగుకు చేరి, పైపు చివర నుంచి బయటకొచ్చి, సందులోంచి పైకి ఎక్కుతుంది. ఈ ప్రయాణానికి గంటలు పడుతుంది. దారిలో గట్టిపడితే పని మొత్తం పాడు. చేరాక గట్టిపడకపోతే ఇంకా ప్రమాదం. అందుకే సెట్టింగ్ ఆలస్యం చేసే రసాయనాలు, త్వరపెట్టే రసాయనాలు కొలిచి కలుపుతారు.

బరువు కూడా ముఖ్యమే. జావ మరీ తేలికైతే కింది గ్యాస్‌ను అణచలేదు. మరీ బరువైతే బలహీనమైన రాయి పగిలి, సిమెంట్ ఆ పగుళ్లలోకి పోతుంది. ఈ రెండింటి మధ్య కత్తి మీద సామే.

మకోండోలో ఎక్కడ తేడా కొట్టింది?

అక్కడి రాయి బలహీనమైనది. అందుకని సిమెంట్‌ను తేలిక చేయడానికి అందులో నైట్రోజన్ బుడగలు కలిపారు. దీన్ని ఫోమ్ సిమెంట్ అంటారు. గట్టిపడేదాకా బుడగలు చెక్కుచెదరకుండా ఉంటేనే ఇది పనిచేస్తుంది. బుడగలు ఒకదాంతో ఒకటి కలిసిపోతే గ్యాస్‌కు దారి తెరిచినట్టే.

కమిషన్ చెప్పిన దాని ప్రకారం, సిమెంట్ కాంట్రాక్టర్ హాలిబర్టన్ ఫిబ్రవరిలో చేసిన రెండు ల్యాబ్ పరీక్షల్లోనూ ఆ మిశ్రమం నిలకడగా లేదు. ఏప్రిల్‌లో చేసిన రెండింటిలో ఒకటి ఫెయిల్, ఒకటి పాస్. ప్రమాదం తర్వాత కమిషన్ కోసం షెవ్రాన్ ల్యాబ్‌లో అలాంటి మిశ్రమాన్నే తయారు చేసి చూస్తే నిలకడైన ఫోమ్ రానే లేదు. ఈ పరీక్షల తీరుపై హాలిబర్టన్ అభ్యంతరం చెప్పింది.

ఇంకో సంగతి. పైపు బావికి సరిగ్గా మధ్యలో ఉంటేనే సిమెంట్ చుట్టూ సమానంగా పడుతుంది. అందుకోసం పైపుకు సెంట్రలైజర్లు తొడుగుతారు. 21 కావాలని హాలిబర్టన్ చెబితే, బీపీ వాడింది 6 మాత్రమే. సిమెంట్ పట్టిందో లేదో చూసే లాగ్ పరీక్ష కోసం వచ్చిన టీమ్‌ను ఆ పరీక్ష చేయకుండానే అదే రోజు ఉదయం వెనక్కి పంపేశారు. ఆ తర్వాత చేసిన ప్రెషర్ టెస్ట్‌లో లీక్ ఉందని అంకెలు చెబుతున్నా, అంతా బాగానే ఉందనుకున్నారు.

ఆ లాగ్ పరీక్ష సూత్రం చాలా సింపుల్. ఖాళీ ఇత్తడి బిందెను కొడితే ఖంగుమంటుంది. అదే ఇసుక నింపి కొడితే మోగదు. కేసింగ్ కూడా అంతే. వెనక సిమెంట్ గట్టిగా పట్టి ఉంటే పైపులోకి పంపిన శబ్దం అణిగిపోతుంది, లేకపోతే గట్టిగా మోగుతుంది. చిన్న పరీక్షే.. కానీ ఆ రోజు చేయలేదు.

సిమెంట్ ఎందుకు ఫెయిలవుతుంది?

మకోండోలో అయింది కొన్ని గంటల్లోనే. కానీ చాలా బావుల్లో ఇది నిదానంగా, ఏళ్ల తరబడి జరుగుతుంది. ముఖ్యమైన కారణాలు ఇవీ..

* గట్టిపడే వేళ: జావగా ఉన్నప్పుడు సిమెంట్ తన బరువుతో కింది గ్యాస్‌ను నొక్కి పెడుతుంది. గడ్డ కట్టడం మొదలుకాగానే ఆ ఒత్తిడి తగ్గిపోతుంది. అప్పటికింకా బలం రాదు. ఆ మధ్య సమయంలో గ్యాస్ దూరిందంటే శాశ్వతంగా దారి ఏర్పడుతుంది.

* కుంచించుకుపోవడం: ఆరేకొద్దీ సిమెంట్ కాస్త కుంచించుకుపోతుంది. పైపుకీ సిమెంట్‌కీ మధ్య వెంట్రుకంత సందు చాలు, గ్యాస్ పైకి రావడానికి.

* వేడి: ఉష్ణోగ్రత 110 డిగ్రీల సెల్సియస్ దాటితే మామూలు పోర్ట్‌లాండ్ సిమెంట్ రోజులు గడిచేకొద్దీ బలం కోల్పోతుంది, గుల్లబారుతుంది. అందుకే సిమెంట్ బరువులో దాదాపు 35 శాతం మెత్తటి సిలికా పొడి కలుపుతారు.

* ఆమ్లం: కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కలిస్తే బలహీనమైన ఆమ్లం అవుతుంది. అది సిమెంట్‌లోని సున్నాన్ని తినేస్తుంది.

ఆమ్లం విషయంలో టెక్సస్‌లో ఒక ఆసక్తికరమైన సంగతి బయటపడింది. అక్కడి శాక్రాక్ చమురు క్షేత్రంలో 30 ఏళ్లుగా కార్బన్ డయాక్సైడ్ తగిలిన ఒక పాత బావి నుంచి లాస్ అలమోస్ ల్యాబ్ శాస్త్రవేత్తలు సిమెంట్ ముక్కలు తీసి పరీక్షించారు. 2007లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం సిమెంట్ లోపల బాగానే ఉంది. గ్యాస్ తిరిగిన ఆనవాళ్లు కనిపించింది అంచుల్లో.. అంటే సిమెంట్ పైపుకు, రాతికి అతుక్కునే చోట. అసలు సమస్య సిమెంట్ బలం ఒక్కటే కాదు, అతుకు కూడా అన్నమాట.

కొత్తగా ఏం వస్తున్నాయి?

తనంతట తానే పూడుకునే సిమెంట్: ఇందులో ప్రత్యేకమైన రేణువులు కలుపుతారు. మామూలుగా అవి ఊరికే ఉంటాయి. పగులు వచ్చి చమురు లేదా గ్యాస్ తగిలిందంటే ఉబ్బుతాయి, పగులును మూసేస్తాయి. మనిషి చేరలేని చోట సిమెంటే తన రిపేర్ తాను చేసుకుంటుంది. ఇవి ఇప్పటికే మార్కెట్‌లో ఉన్నాయి.

సాగే సిమెంట్: గట్టిగా ఉంటే చాలదు, పైపు వేడికి వ్యాకోచించినప్పుడు పగలకుండా కాస్త వంగాలి. అందుకే లేటెక్స్, రబ్బరు రేణువులు, ఫైబర్లు కలుపుతున్నారు.

ఆవిరి బావుల సిమెంట్: జియోథర్మల్ బావుల్లో వేడి, ఆమ్లం రెండూ ఉంటాయి. వీటి కోసం అమెరికాలోని బ్రూక్‌హేవెన్ నేషనల్ లేబొరేటరీ 1990ల్లో కాల్షియం అల్యుమినేట్ ఫాస్ఫేట్ సిమెంట్‌ను అభివృద్ధి చేసింది. ఇందులో ఆమ్లం తినేసే సున్నం ఉండదు. పరిస్థితులు ఇంతకంటే దారుణంగానూ ఉంటాయి. 2009లో ఐస్‌లాండ్‌లోని క్రాఫ్లాలో ఒక బావి 2.1 కిలోమీటర్ల లోతున ఏకంగా శిలాద్రవాన్నే తాకింది. దాన్నుంచి వచ్చిన ఆవిరి వేడి 450 డిగ్రీలకు చేరింది.

బూడిద సిమెంట్: థర్మల్ పవర్ ప్లాంట్ల నుంచి వచ్చే ఫ్లై యాష్‌కు క్షార ద్రావణం కలిపితే రాయిలా గట్టిపడుతుంది. దీన్ని జియోపాలిమర్ అంటారు. ఆమ్లాన్ని బాగా తట్టుకుంటుంది. రామగుండం, సింహాద్రి ప్లాంట్ల దగ్గర బూడిద చెరువులు చూసిన వాళ్లకు ఇది ఎంత విలువైన ఆలోచనో తెలుస్తుంది. అయితే ఒక్కో ప్లాంట్ బూడిద ఒక్కోలా ఉంటుంది. పంపు చేసేంతసేపు గట్టిపడకుండా ఆపడం కూడా సవాలే.

బ్యాక్టీరియా గ్రౌట్: కొన్ని పగుళ్లు ఎంత సన్నమంటే సిమెంట్ రేణువు కూడా దూరదు. అక్కడికి బ్యాక్టీరియాను పంపిస్తారు. యూరియా, కాల్షియం కలిపిన నీళ్లు అందిస్తే అవి సున్నపురాయి తయారయ్యేలా చేస్తాయి. నీళ్లంత పలచటి ద్రవం కాబట్టి ఎంత సందులోకైనా వెళ్తుంది. మోంటానా స్టేట్ యూనివర్సిటీ టీమ్ అలబామాలో 300 మీటర్లకు పైగా లోతున్న చోట దీన్ని ప్రయోగించి రాతి పగులును మూసింది.

మన దగ్గర పరిస్థితి ఏంటి?

బావి అదుపు తప్పితే ఎలా ఉంటుందో కోనసీమ వాళ్లకు చెప్పక్కర్లేదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుట్ అయి 65 రోజులు మండింది. అది డ్రిల్లింగ్ జరుగుతుండగా జరిగిన ప్రమాదం, మకోండోలా సిమెంట్ కథ కాదు. కానీ భూమి లోపలి ఒత్తిడి ఎంతటిదో అది చూపించింది. కృష్ణా-గోదావరి బేసిన్‌లో కొన్ని బావుల అడుగున వేడి 200 డిగ్రీలకు చేరుతుంది. అంటే వేడికి, ఒత్తిడికి తట్టుకునే సిమెంట్ మన తీరానికీ అవసరమే. మరోవైపు లద్దాఖ్‌లోని పూగాలో జియోథర్మల్ కరెంటు కోసం ఓఎన్‌జీసీ 2021లో ఒప్పందం చేసుకుంది. అక్కడా ఇదే పరీక్ష.

మీ ఇంటి బోరుకూ ఇదే సూత్రం!

తెలంగాణ, రాయలసీమల్లో గట్టి రాయి తగిలేదాకానే కేసింగ్ పైపు వేస్తారు. కింద రాతిలో బోరు అలాగే ఉంటుంది. మరి పైపు బయట సందు? చాలాచోట్ల తవ్విన మట్టితోనే పూడ్చి వదిలేస్తారు. వాన పడితే మురుగునీరు, పక్కనే సెప్టిక్ ట్యాంక్ ఉంటే దాని నీరు.. పైపు వెంబడే జారి తాగే నీళ్లలో కలిసే ప్రమాదం ఉంది. బోరు నీళ్లు వాన పడగానే రంగు మారుతున్నాయంటే ఇదీ ఒక కారణం కావచ్చు.

కొత్త బోరు వేయించేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సినవి..

* కేసింగ్ పైపు మెత్తటి మట్టిలో ఆగిపోకుండా గట్టి రాతిలో కూర్చోవాలి. లేదంటే గ్రౌట్ కూడా బోరులోకి జారిపోతుంది.

* సందు నింపడానికి సిమెంట్ గ్రౌట్ గానీ, తడిస్తే ఉబ్బే బెంటొనైట్ మట్టి గానీ వాడాలి.

* 50 కిలోల బస్తాకు సుమారు 25 లీటర్ల నీళ్లు చాలు. పలచగా ఉంటే త్వరగా పోతుందని నీళ్లు ఎక్కువ పోస్తే ఆరాక కుంచించుకుపోయి పగుళ్లు వస్తాయి.

* పైనుంచి గుమ్మరించొద్దు. సన్నటి పైపును సందు అడుగుదాకా దించి, కింది నుంచి పైకి నింపాలి. లేకపోతే మధ్యలో ఖాళీలు మిగులుతాయి.

* పైన చుట్టూ వాలుగా కాంక్రీట్ గట్టు, పైపుకు గట్టి మూత ఉండాలి. వాడని బోరును మూత లేకుండా వదిలేయడం నేరుగా భూగర్భ జలాల్లోకి మురుగు పంపడమే. చిన్నపిల్లలకు ప్రాణగండం కూడా.

చివరిగా..

మంచి మెటీరియల్ కనిపెట్టడం సగం పని మాత్రమే. మకోండోలో సిమెంట్ టెక్నాలజీ తెలియక ప్రమాదం జరగలేదు. ఫెయిలైన టెస్టును పట్టించుకోకపోవడం, చేయాల్సిన టెస్టును చేయకపోవడం వల్ల జరిగింది. తనంతట తానే పూడుకునే సిమెంట్ వచ్చినా, బ్యాక్టీరియా గ్రౌట్ వచ్చినా.. పట్టిందో లేదో ఒకసారి చూసుకోవాల్సింది మాత్రం మనిషే. ఐదు కిలోమీటర్ల చమురు బావికైనా, పెరట్లో బోరుకైనా ఈ ఒక్క మాట వర్తిస్తుంది.