యాక్టర్‌లో నల్ పాయింటర్ దోషం: మూలాన్ని గుర్తించడం

యాక్టర్ ఒక సమయంలో ఒకే సందేశాన్ని పరిశీలిస్తుంది. కనుక దాని అంతర్గత స్థితికి తాళం అవసరం లేదు. ఫ్యూచర్ కాల్‌బ్యాక్ మాత్రం ఈ నియమానికి లోబడదు. అది వేరే థ్రెడ్‌పై, తరువాత నడవవచ్చు.

ఉదాహరణకు, స్కాలాలో రాసిన అక్కా క్లాసిక్ యాక్టర్ డేటాబేస్ నుండి మార్కులు తెప్పించి, కాల్‌బ్యాక్‌లో ‘సెండర్’ను పిలిచి జవాబు పంపుతుందనుకుందాం. అప్పటికి యాక్టర్ ఆగిపోయి ఉంటే దాని ‘కాంటెక్స్ట్’ నల్ అయి, నల్ పాయింటర్ ఎక్సెప్షన్ వస్తుంది. యాక్టర్ మరో సందేశంపై పనిచేస్తుంటే ఏ ఎక్సెప్షనూ రాదు. ఒకరి మార్కులు మరొకరికి చేరవచ్చు.

కనుక స్టాక్ ట్రేస్ కాల్‌బ్యాక్‌లోని పంక్తిని చూపినప్పుడు, అక్కడ నల్ తనిఖీ చేర్చి ఊరుకోరాదు. మొదటి దోషం కనిపించకుండా పోతుంది; రెండవది మిగిలే ఉంటుంది. ఫ్యూచర్ ప్రారంభానికి ముందే ‘సెండర్’ విలువను స్థానిక ‘వాల్’లో భద్రపరచాలి. యాక్టర్ స్థితిని మార్చవలసి వస్తే, ఫలితాన్ని ‘పైప్‌టు’ ద్వారా ఆ యాక్టర్‌కే సందేశంగా పంపాలి.