పేరుండగా ఆ మాటెందుకు?

మిరపకాయ కోతల రోజులు. పల్నాడులో ఏ ఊళ్ళో చూసినా చేల నిండా కూలీలే. ముఠా మేస్త్రి మనుషుల్ని లెక్క పెడుతున్నాడు.

"ఆ కుంటోడు వచ్చాడా?" అని కేకేశాడు.

"నాకు పేరుంది బాబాయ్" అన్నాడు ఒక కుర్రవాడు.

"తప్పేముందిరా? మా తాతల కాలం నుంచీ అట్టాగే అంటన్నాం. నిన్ను తిట్టలేదుగా!" అన్నాడు మేస్త్రి.

కుర్రవాడు ఇంకేమీ అనలేదు. తల దించుకుని సాలులోకి దిగాడు.

తిట్టాలని మేస్త్రి అనలేదు. అయినా కుర్రవాడికి బాధ కలిగింది. మాట పాతబడితే, అందరి నోళ్ళలో నానితే, అందులోని నొప్పి పోతుందా? ఆలోచిద్దాం.

మాటలు మారతాయి

కాలంతో పాటు మాటల అర్థం మారుతుంది. చేలో మొలిచిన పనికిరాని మొక్కల్ని "పిచ్చి మొక్కలు" అంటాం. కూతుర్ని ముద్దుగా "పిచ్చి తల్లీ" అంటాం. పని ఎగ్గొట్టేవాణ్ణి "కుంటి సాకులు చెప్పకు" అంటాం. అలా అనేటప్పుడు జబ్బు మనిషి గాని, కాలు సరిగా లేని మనిషి గాని మనకు గుర్తు రారు.

మరి ఆ మనిషి పక్కనే ఉంటే? మనకు అది ఉత్త సాకు. అతనికి అది తన కాలు. అనేవాళ్ళు మరిచిపోయిన అర్థం వినేవాళ్ళకు గుర్తుంటుంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

పైగా ఆ కాలు అలా కావటం అతని తప్పు కాదు. కొందరికి చిన్నప్పుడు పోలియో వచ్చింది. పల్నాడులో కొన్ని ఊళ్ళ బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే అది తాగటానికి మంచిది కాదు. అలాంటి నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు వంగిపోతాయి. నీళ్ళు చెడ్డవైతే మనిషిని తిట్టటం ఏం న్యాయం?

చట్టాలూ మాట మార్చుకున్నాయి

మానసిక జబ్బుల గురించి 1912లో తెల్లవాళ్ళు ఒక చట్టం చేశారు. దాని పేరులోనే "పిచ్చి" అన్న మాట ఉండేది. 1987లో కొత్త చట్టం వచ్చింది. ఆ మాట పోయింది. "మానసిక అనారోగ్యం" అన్న మాట వచ్చింది.

అవిటివాళ్ళు అనే బదులు వికలాంగులు అన్నారు. 2015 డిసెంబరులో ప్రధాని నరేంద్ర మోదీ రేడియోలో మాట్లాడుతూ "దివ్యాంగులు" అందామన్నారు. కొన్ని వికలాంగుల సంఘాలు దానికి ఒప్పుకోలేదు. "మమ్మల్ని దేవుళ్ళను చేయొద్దు. మా హక్కులు మాకివ్వండి" అన్నది వాళ్ళ వాదన. అదీ ఆలోచించాల్సిందే. మనసులో చులకన ఉంటే ఎంత మంచి మాటయినా నాలుగేళ్ళలో తిట్టయిపోతుంది.

2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. వికలాంగుల్ని నలుగురిలో కావాలని అవమానించినా, బెదిరించినా అది నేరం. 6 నెలల నుంచి 5 సంవత్సరాల దాకా జైలు, జరిమానా పడవచ్చు. 2024 జులైలో సుప్రీంకోర్టు సినిమాల గురించి కూడా చెప్పింది. వికలాంగుల్ని కించపరిచే మాటలు వాడొద్దన్నది.

మన సంగతి

చదువు రానివాళ్ళను ఏమంటారో మీకు తెలుసు. "వేలిముద్రగాడు" అంటారు. "కళ్ళుండీ గుడ్డివాడు" అంటారు. ఆ మాట పడ్డవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు. అన్నవాళ్ళు నవ్వి ఊరుకున్నారు. పడ్డవాళ్ళు మాత్రం మరిచిపోలేదు.

అసలు ఆ పోలికే తప్పు. చూపు లేనివాళ్ళు చదవలేరా? లూయీ బ్రెయిలీ అనే ఆయన ఫ్రాన్సు దేశస్థుడు. చిన్నతనంలోనే చూపు పోయింది. 6 చుక్కలతో అక్షరాలు తయారుచేశాడు. అవి కాగితం మీద ఉబ్బెత్తుగా ఉంటాయి. వేళ్ళతో తడిమి చదువుతారు. తెలుగు కూడా అలా చదవవచ్చు. చూపు లేకపోవటం వేరు, తెలివి లేకపోవటం వేరు.

మాట్లాడే ముందు ఒక్క క్షణం ఆగుదాం. ఈ మాట ఎవరి ఒంటిని ఎత్తిచూపుతున్నది? వాళ్ళు వింటే ఏమనుకుంటారు? "కుంటి సాకు" అనే బదులు "దొంగ సాకు" అంటే సరిపోదా?

పలకమీద అందరికన్నా ముందు మనం రాసింది మన పేరే. వేలిముద్ర పోయి సంతకం వచ్చిన రోజు ఎంత సంతోషపడ్డాం! ఆ కుర్రవాడు అడిగింది కూడా అంతే. తన పేరు.

చర్చించండి

1. మీ ఊళ్ళో ఒంటి లోపాన్ని బట్టి ఎవరినైనా పిలుస్తున్నారా? వాళ్ళ అసలు పేర్లు మీకు తెలుసా?
2. ఆ పేర్లు పలకమీద రాయండి. రేపటి నుంచి అలాగే పిలవండి.