గ్రీన్‌కార్డు రాకముందే హనీమూన్ ప్రయాణమా?

అమెరికా పౌరుణ్ణి అక్కడే పెళ్లాడి, గ్రీన్‌కార్డుకు ఐ-485 దరఖాస్తు పెట్టిన మన ఆడపిల్లల తల్లిదండ్రులు సంఘానికి వచ్చి అడిగినప్పుడల్లా మేము చెప్పేది ఒకటే. అడ్వాన్స్ పెరోల్ లేకుండా దేశం దాటితే ఆ దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. పెరోల్‌కు ఐ-131 ఫారం పెట్టాలి. రసీదు చాలదు, అనుమతి పత్రమే చేతికి రావాలి. చెల్లుబాటయ్యే హెచ్-1బీ, హెచ్-4 వీసాల మీద ఉన్నవారికి మినహాయింపు ఉంది. గతంలో గడువు మీరి ఉండిపోయినవారు మాత్రం లాయరును అడగందే కదలకూడదు.

హనీమూన్‌కు హవాయి వెళ్లవచ్చు, అది అమెరికా రాష్ట్రమే. ఓడ ప్రయాణమైతే మెక్సికో రేవుల్లో ఆగనిది చూసుకోవాలి.

అసలు చిక్కు మనతోనే. తిరుపతి మొక్కుంది, ఒక్కసారి వచ్చిపొమ్మని ఫోనులో పోరేది మనమే కదా! అనుమతి వచ్చేదాకా ఆ మాట ఎత్తకుండా ఉందాం.