పెద్దటైర్ల జీపును ఇంకను ఎత్తు చేయవచ్చునా?

పెద్దటైర్లు వేసిన జీపునకు కమానుకట్టలను ఇంకను ఎత్తు చేయింపవచ్చునా యని కొందఱు సభ్యులు మమ్మడుగుచున్నారు.

28 అంగుళముల టైరు తీసి 31 అంగుళములది వేసినచో ఇరుసు అంగుళమున్నర లేచును. కమానులను ఎత్తు చేసినచో చట్రము మాత్రమే లేచును. ఇరుసు ఉన్నచోటనే యుండును. కావున బండిగాడి నడిమి మిట్ట ఇరుసునకు తగులుచున్నచో కమానులపై వ్యయము నిష్ఫలము. టైరు మడ్గార్డునకు రాచుకొనుచున్నచో ఆ రాపిడి తొలగునంత ఎత్తు చాలును.

అంతకు మించినచో భారము పైకిపోయి, కాలువగట్టు వాలున బండి బోర్లపడు భయము హెచ్చును. ప్రొపెల్లరు షాఫ్టు వాలు పెరిగి కీళ్లు త్వరగా అరుగును. పొడవు చాలని బ్రేకుగొట్టములు బిగిసి తెగవచ్చును. పైగా ఈ టైర్లతో స్పీడుమీటరు 40 చూపునపుడు నిజవేగము 44 దాటును.

రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు మొదట నిర్దేశించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను శాసించుచున్నది. కావున పని చేయింపక పూర్వమే రవాణా కార్యాలయమున విచారింపుడు.

మన జీపులలో ధాన్యమే కాక కూలివారును బిడ్డలును ఎక్కుదురు. కొలిచి, అవసరమైనంతయే ఎత్తుడు.