అంగవైకల్యముగల పెద్దలకు వృత్తిశిక్షణము: మన సంఘములు చేయదగిన పని

మన సంఘముల మహాజనసభలలో విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, బాకీల వసూళ్లను గూర్చియు చర్చలు జరుగుచుండును. అవి జరుగవలసినవే. కాని సభకు రాలేక ఇంటి అరుగుమీదనే ఉండిపోవు ఒక మనుష్యుని మాట మాత్రము ఏ సంవత్సరమందును రాదు. ఆతడు మన సభ్యులలో ఒకరి తమ్ముడో, కుమారుడో అయియుండును. కాలు చచ్చుబడినది, లేక చేయి పోయినది, లేక చూపు లేదు. తిండికి లోటు లేదు. ఇంటివారు ప్రేమతోనే చూతురు. ఐనను ఆతనికి పని లేదు. పని లేనివాని మాట ఇంటిలో చెల్లదు. ఆతనిని గూర్చియు, ఆతనివంటి ఆడువారిని గూర్చియు ఈ నెల సభ్యులకు విన్నవింపదలచితిమి.

కర్నూలు, కడప సీమలలో ఈ కష్టము పలు త్రోవల వచ్చును. నూర్పిడి యంత్రములో చేయి పడును. తడిచేతితో మోటారు స్టార్టరు ముట్టినవానికి విద్యుత్తు తగులును. బేతంచెర్ల, యర్రగుంట్ల ప్రాంతముల గనులలో బండ జారి నడుము విరుగును. ఇక పోలియో ఉన్నది. మన దేశమున కడపటి పోలియో కేసు 2011 జనవరిలో కనబడెను. 2014 మార్చిలో దేశము ఆ వ్యాధినుండి విముక్తమైనట్లు ప్రకటింపబడెను. కావున పోలియోవలన కాలు చచ్చుబడినవారిలో దాదాపు అందరును నేడు పెద్దవారు. వారికి కావలసినది పిల్లల బడి కాదు, ఒక వృత్తి.

2011 జనాభా లెక్కల ప్రకారము దేశమున 2 కోట్ల 68 లక్షలమంది వికలాంగులు కలరు. వారిలో నూటికి 69 మంది గ్రామములవారే. ఏదో యొక పని చేయుచున్నవారు మగవారిలో నూటికి 47 మంది, ఆడువారిలో 23 మంది మాత్రమే. కనుక ఇది పట్టణముల సమస్య కాదు, మన ఊళ్లదే.

పింఛను ఉన్నదిగదా యని కొందరనవచ్చును. 2024 జూలై నుండి ఆంధ్రప్రదేశమున ఈ పింఛను నెలకు 6000 రూపాయలైనది. అది గొప్ప ఆధారమే. దానిని తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. పింఛను ఆకలిని తీర్చును. కాని వృత్తి నేర్చినవానియొద్దకు నలుగురు పని యడుగుటకై వచ్చెదరు. ఆ భేదమును అరుగుమీద కూర్చున్నవారే చక్కగ ఎరుగుదురు.

ఐతే శిక్షణమును ఎట్లు ఈయవలెను? మొదటి సూత్రమిది: పోయిన అవయవమును గాక మిగిలిన శక్తిని చూడవలెను. 1968లో బొంబాయి, హైదరాబాదు నగరములయందు కేంద్ర ప్రభుత్వమువారు వికలాంగుల వృత్తి పునరావాస కేంద్రములను స్థాపించిరి. అచట మొదట చేయు పని, వచ్చినవాని చేతులు, కన్నులు, బుద్ధి, ఇష్టము ఏ పనికి తగునో పరీక్షించుట. శిక్షణము, ఉద్యోగము ఆ తరువాతి మాట. ఈ పద్ధతిని మనమును అనుసరింపవచ్చును. కాలు లేనివానికి మోటారు వైండింగు పని తగును. అది కూర్చుండి చేయు పని. గుంటమగ్గమునకు కాళ్లు కావలెను గాని, కండెలు చుట్టుటకు చేతులు చాలును. చెవిటివారు కన్నును చేతిని నమ్ముకొను ఏ పనినైనను చేయగలరు; చూచి నేర్చుకొనునట్లు చూపించువాడు కావలెను. చూపు లేనివారు మోకులు, పగ్గములు పేనగలరు.

చూపులేనివారు సేద్యపు పనులకు పనికిరారని మనలో ఒక అపోహ కలదు. మొదటి ప్రపంచ యుద్ధమున చూపు కోల్పోయిన సిపాయిలకొరకు 1915లో ఇంగ్లండునందు సెయింట్ డన్‌స్టన్స్ అను శిక్షణాలయము ఏర్పడెను. అచట బుట్టలల్లుట, వడ్రంగముతో పాటు కోళ్ల పెంపకమును గూడ నేర్పిరి. అనేకులు దానితోనే జీవించిరి. మన దేశమున 1960లో గుజరాతునందలి ఫాన్సా గ్రామమున అంధుల జాతీయ సంఘమువారు టాటావారి పేర ఒక కేంద్రమును తెరచి, చూపులేనివారికి వ్యవసాయము, పశుపోషణము నేర్పిరి. గడ్డివాసన, నేల తడి, గొడ్డు గిట్టల చప్పుడు వీనిని బాల్యమునుండి ఎరిగిన రైతుబిడ్డకు ఈ పనులు పట్టణపు పనులకంటె సులభములు.

రెండవ సూత్రము: మనుష్యుని పనికి మాత్రమే గాక, పనిముట్టును మనుష్యునికి సరిపరుపవలెను. పూర్వము పెట్టుడు కాళ్లు బూట్లు తొడిగి గచ్చుమీద నడచువారికొరకు చేయబడుచుండెను. వానితో గొంతుకూర్చుండుటకు గాని, వట్టికాళ్లతో మడిలో దిగుటకు గాని వీలులేదు. 1968 ప్రాంతమున జయపురమునందు వైద్యుడు ప్రమోద్ కరణ్ సేఠీగారును, శిల్పి రామచంద్ర శర్మగారును కలిసి రబ్బరుతో చేసిన జైపూరు కాలు ఈ చిక్కును విడదీసెను. వైద్యుని విద్యకు పనివాని నేర్పు తోడైనందున ఈ మేలు కలిగినది. మన ఊరి వడ్రంగియు, కమ్మరియు ఇట్టి చిన్న సాయములు చేయగలరు: మగ్గపు పీట ఎత్తు మార్చవచ్చును, కుట్టుయంత్రమునకు కాలితొక్కుడు తీసి మోటారు అమర్చవచ్చును.

మూడవ సూత్రము అన్నిటికంటె ముఖ్యమైనది: ఊరు ఇదివరకే డబ్బిచ్చి చేయించుకొనుచున్న పనినే నేర్పవలెను. మేము చూచిన ఒక ఊరిలో ఐదుగురికి కుట్టుపని నేర్పి, యంత్రములిచ్చి, పత్రములు పంచిరి. ఆ ఊరిలో అప్పటికే ముగ్గురు దర్జీలు కలరు. ఏడాది తిరుగకముందే నాలుగు యంత్రములు అమ్ముడుపోయినవి. నేర్చినవారి తప్పు లేదు. నేర్పినవారు బజారును చూడలేదు. అదే ఊరిలో మందు కొట్టు స్ప్రేయరు చెడినచో బాగుచేయువాడు లేక రైతులు మండలమునకు పరుగెత్తుచుండిరి. స్ప్రేయరు మరమ్మతు, మోటారు వైండింగు, కొఱ్ఱలు పట్టు మర, నారు పెంపకము, పొట్టేళ్ల మేపు, పాడి, గోనెసంచుల కుట్టు, ఇవి మనకు నిత్యము కావలసిన పనులు.

వృత్తి నిలుచుటకు వెనుక ఒక సంఘము ఉండవలెనని మన జిల్లాయే చాటినది. 1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు నేతపనివారి సహకార సంఘమును స్థాపించిరి. నేతపనివారికి నేయుట రాక కాదు. నూలు తెచ్చువారు, బట్ట అమ్మువారు కావలసియుండిరి. వికలాంగులకును అట్లే. పొరుగున అనంతపురమున 1969లో ఆరంభమైన గ్రామీణాభివృద్ధి సంస్థవారు వికలాంగులైన స్త్రీలకు చేతిపనులు నేర్పి, ఆ సరకును స్పెయిను దేశము దాక పంపి అమ్మించిరి. నేర్పుటతో ఊరకొనక అమ్మకము బాధ్యతను గూడ వహించుటయే అందలి విశేషము.

చట్టమును మన పక్షముననే ఉన్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, సాధారణ వృత్తిశిక్షణములన్నిటిలో వీరిని చేర్చుకొనవలెననియు, స్వయం ఉపాధికి తక్కువ వడ్డీతో అప్పు లభింపవలెననియు విధించుచున్నది. నూటికి 40 వంతులు వైకల్యమున్నవారికి పేదరిక నిర్మూలన పథకములలో నూటికి 5 వంతులు కేటాయింపవలెను. అందు స్త్రీలకు ముందుస్థానము. ఇట్టివారి రుణములకొరకు 1997లో ఒక జాతీయ ఆర్థిక సంస్థయు ఏర్పడినది.

ఇక మన సంఘములు చేయదగిన పనులు ఇవి:

1. సంఘపు పరిధిలో పనిలేక యున్న వికలాంగుల జాబితా వ్రాయవలెను. ఏ పని ఇష్టమో ఇంటి పెద్దను గాక ఆ మనుష్యునే అడుగవలెను.

2. సదరం పత్రము లేనివారిని వైద్యపరీక్షకు తోడుకొనిపోవలెను. వృత్తి నేర్చినచో పింఛను పోవునేమో యను భయము చాలమందికి కలదు. మండల కార్యాలయమున నిబంధనలు ముందే అడిగి, వారికి విప్పి చెప్పవలెను.

3. జిల్లాలలో బ్యాంకులు నడుపు గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలలో భోజనము, వసతితో ఉచితముగ నేర్పుదురు. అచటికి పోలేనివారిని దగ్గరి పట్టణమున మంచి పనివానియొద్ద కొన్ని నెలలుంచి, ఆతని ప్రతిఫలము సంఘము భరింపవచ్చును.

4. భూమి అన్నపేర నుండుటచేత తమ్మునికి అప్పు పుట్టదు. ఈ చిక్కు తీరుటకు మార్గము కలదు. పొదుపు సంఘమునకు మామూలుగ పదిమంది కావలెను. వికలాంగులకు ఐదుగురు చాలుదురు. అట్టి సంఘములను కూర్చి, బ్యాంకునొద్ద వారి పక్షమున మాట చెప్పవలెను.

5. మొదటి గిరాకీ సంఘమే కావలెను. సంఘపు సంచులు, స్ప్రేయర్లు, విత్తనముల ఏరివేత, తూకపు లెక్కలు వారికి ఒప్పగింపవలెను. ధర్మముగ కాదు, సరియైన కూలికి.

6. రెండు సంవత్సరములు వెంట నుండి విచారింపవలెను. పత్రమిచ్చిన దినము శిక్షణమునకు ముగింపు కాదు.

వర్షాధారపు సీమవారము మనము. పది వానలు తప్పినను పదకొండవ వానకు విత్తనము దాచియుంచువారము. అట్టి ఓపికలో కొంత ఈ మనుష్యులయెడ చూపినచో చాలును. అనేక సంఘముల కార్యాలయములకు వాకిట మెట్లున్నవి, ఏటవాలు బాట లేదు. రాబోవు మహాజనసభకు ముందు ఆ బాట వేయించి, అరుగుమీది ఆ సోదరుని, ఆ సోదరిని సభకు పిలిపింపుడు. వారు ఏమి చేయగలరో మనము ఊహింప నక్కరలేదు; వారే చెప్పెదరు.