మీకు తెలుసా? చిన్న బీఎండబ్ల్యూ ముందు చక్రాలకు మారిన వైనం

జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ 2004లో విడుదల చేసిన వన్ సిరీస్, తన తరగతి చిన్న కార్లలో ఇంజన్ శక్తిని వెనుక చక్రాలకు అందించిన అరుదైన వాహనం. దానితో పోటీపడిన ఆడి ఏ3, మెర్సిడెస్ ఏ-క్లాస్ ప్రధానంగా ముందు చక్రాలతో నడిచేవే. కారు వేగం పుంజుకొనేటప్పుడు భారం వెనక్కి ఒరుగుతుంది కనుక వెనుక చక్రాలకు నేలపై పట్టు పెరుగుతుంది, ముందు చక్రాలకు దిశ మార్చే పని మాత్రమే మిగులుతుంది. కారును నడపడం, దిశ మార్చడం అనే రెండు పనులూ ముందు చక్రాల మీదే పడినప్పుడు, ఇంజన్ బలమైనదైతే స్టీరింగు ఒక పక్కకు గుంజుతుంది; దీనినే టార్క్ స్టీర్ అంటారు. నగర రద్దీలో ఈ తేడా చాలామందికి తెలియకపోవచ్చు, అది వేరే మాట.

అయితే వెనుక చక్రాల నడకలోని ఈ సుఖానికి మూల్యం చెల్లించేది వెనుక సీటు ప్రయాణికుడు. ముందున్న ఇంజన్ నుంచి వెనుక ఇరుసుకు శక్తిని చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్ట్, అనగా తిరిగే పొడవాటి కడ్డీ, కారు నడుమ గట్టులాంటి ఎత్తును కోరుతుంది. ఇంజన్‌ను అడ్డంగా అమర్చి ముందు చక్రాలను తిప్పితే ఆ కడ్డీతో పనే ఉండదు. డిజైనర్ అలెక్ ఇసిగోనిస్ 1959 నాటి మినీ కారులో, సుమారు 3 మీటర్ల పొడవులోనే నలుగురికి చోటు కల్పించినది ఈ ఉపాయంతోనే. ఆ మినీ పేరు కాలక్రమంలో బీఎండబ్ల్యూకే దక్కడం, 2014లో టూ సిరీస్ యాక్టివ్ టూరర్‌తో తన పేరిట తొలి ముందు చక్రాల కారును తెచ్చిన ఆ సంస్థ 2019లో వన్ సిరీస్‌ను కూడా అదే దారి పట్టించడం గమనార్హం. 2021లో వచ్చిన టూ సిరీస్ కూపే మాత్రం వెనుక చక్రాల పక్షాన్నే నిలిచింది.